అరణపు కోళ్ళు

హుజూరాబాద్
11 ఆగస్టు 2024

బామ్మర్ది పోశానికి, బావ రాజేశం రాయునది.

నలభై ఏడేండ్ల కింద, మా పెండ్లి పందిట్లో, అప్పగింతల వేళ, నలుగురి ముందర నువ్వొక మాట ఇచ్చినవు. అక్కకు అరణం కింద పాడిబర్రెను ఇస్తనన్నవు. వానలు పడంగనే నువ్వే తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేసిపోతనన్నవు. మా బాపు నీ మాట నమ్మి కొట్టం కప్పు మార్పించిండు. గట్టి గుంజ పాతించిండు. వానలు పడ్డయి, వెలిసినయి. బర్రె రాలేదు. చివరికి ఆ గుంజకు తీగ కట్టి లుంగీలు ఆరేసుకున్నం. గుంజ ఇప్పటికీ ఉన్నది, చెక్కు చెదరలేదు. మాటలకంటే కట్టెలే నయం.

ఈ ఉత్తరం బర్రె గురించి కాదు, కోళ్ళ గురించి. కాని బర్రెను విడిచి కోళ్ళ దగ్గర మొదలుపెడితే చరిత్రను నడుమ నుంచి చదివినట్టయితది. ముప్పై ఏండ్లు గ్రంథాలయంలో కూర్చున్నవాణ్ణి, ఆ పని చెయ్యలేను.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటవు. నా చెవులు పోయినయి. మిషను పెట్టుకుంటే ఎదుటి మనిషి మాట ఒక్కటి తప్ప హుజూరాబాద్‌లో ఉన్న చప్పుళ్ళన్నీ వినబడుతయి. పైగా ఫోన్లో అన్న మాటకు ఎవరూ జవాబుదారీ కారు. పందిట్లో అన్న మాటకే కానోనివి నువ్వు.

సంగతేమంటే, ఆరేండ్ల కింద నువ్వు బొగ్గుబాయి నౌకరి నుంచి రిటైరైన ఏడు గంపలో కోడిపిల్లలు పెట్టుకొని బస్సులో వచ్చినవు గుర్తున్నదా? "అక్కా, గీటినే నీ అరణం అనుకో" అన్నవు. బర్రె నుంచి కోడిపిల్లకు దిగిన అరణాన్ని నేను ఏ చరిత్రలో చదువలేదు. మీ అక్క మాత్రం నవ్వి తీసుకున్నది. ఆమె నవ్విన కారణం నాకు ఈనాటికీ తెలువది.

ఆ మందలో ఐదు పెట్టలు మిగిలినయి. మాఘంలో మీ అక్క దేవవ్వ పోయిననాటి నుంచి గుడ్లు తగ్గినయి. ఇప్పుడు మొత్తానికే బంద్. వాకిట్లో ఎక్కడ చూసినా ఈకలు. మెడల మీద బోడి మచ్చలు వేసుకొని, పింఛను కోసం లైన్లో నిలబడ్డ గుమాస్తాల లెక్క తిరుగుతున్నయి.

నా కోడలు సృజన మొన్న అన్నది, "గుడ్లు పెట్టనివాటికి నూకలెందుకు మామయ్యా?" అని. ఆ లెక్కన ఈ ఇంట్లో మొదటి కత్తి ఎవరి మెడ మీద పడాల్నో నేను అడుగలేదు. కోడలు మంచిది. అడిగితే ఏడుస్తది.

నేను ఆమెకు, కొడుకు రాకేశ్‌కు రివాజు చెప్పిన. పుట్టింటోళ్ళు అరణం ఇచ్చిన జీవం ఆడబిడ్డదే. దాన్ని కోసే, అమ్మే హక్కు మొగనికి లేదు, కొడుక్కు లేదు. ఆమె లేనినాడు పుట్టింటోళ్ళ మాట కావాలె. "అయితే మామను అడుగు బాపూ" అన్నడు రాకేశ్. అందుకని అడుగుతున్న. నీ మాట ఏందో రాయి. కాయితం మీద రాయి. నోటితో నువ్వు ఇచ్చే మాటల ఖరీదు మా గుంజకు తెలుసు.

ఇట్లు,
గుంజ ఉండి బర్రె లేని
రాజేశం


మందమర్రి
19 ఆగస్టు

బావకు పోశం శనార్తి.

నీ ఉత్తరం ముట్టింది. అద్దాలు పెట్టుకొని రెండు మాట్ల సదివిన. నా పెండ్లాం యాదవ్వకు గూడ ఇనిపిచ్చిన. "మీ బావ ఇంక బర్రె కాడనే ఉన్నడా?" అని మూతి తిప్పింది.

బావా, కోడికూర మీద మనసైతే మనసైందని రాయరాదు? గింత పెద్ద ఉత్తరం ఎందుకు? అక్క లేని ఇంట్ల నీకు నోటికి రుచి తలుగుతలేదేమో, నాకు సమజైంది. కోసుకో. కమ్మగ తిను. నా దిక్కెల్లి ఏ అడ్డం లేదు. నువ్వు కాయితం అడిగినవు, గిదే కాయితం.

ముదురు పెట్టలు గద, కుక్కర్ల ఉడుకయి. కట్టెల పొయ్యి మీద పెట్టి, పచ్చి బొప్పాయి ముక్క ఏసి, ఎసరు ఇంకినకొద్ది పోసుకుంట ఉండాలె. అక్క గట్లనే చేస్తుండె. నీ పండ్లెట్లున్నయో మరి.

నా మోకాళ్ళు పనిజేస్తలేవు. భూమిలకు దిగినన్ని దినాలు మంచిగనే ఉండె, పైకొచ్చి కుర్చీల కూసున్నంక పోయినయి. డాక్టర్ నడువుమంటడు. నడుస్తే నొస్తయి. నొస్తున్నయంటే నడువుమంటడు.

మాట ఇచ్చుడు ఎరుక, నిలబెట్టుడు ఎరుక లేదన్నట్టు రాసినవు. జర నోరు భద్రం బావా. నాకు చెప్పొచ్చేది శానా ఉన్నది గని చెప్ప.

నీ బామ్మర్ది
పోశం


హుజూరాబాద్
29 ఆగస్టు

పోశానికి,

నీ కాయితం అందింది. నేను చెప్పులు విడిచేలోపే రాకేశ్ దాన్ని చదివి సృజనకు వినిపించిండు. ఇద్దరూ "మామ ఎంత మంచోడు" అనుకున్నరు. నీ మంచితనం ఈ ఇంట్లో మొదటిసారి చర్చకు వచ్చింది, సంతోషించు.

ఒక్క సంగతి అడుగుత. తోడబుట్టిన ఆమె సొత్తును ఇంత తొందరగ, ఒక్క గుక్కలో, బొప్పాయి ముక్కతో సహా ఒప్పజెప్పేటోడు ఎవడన్న ఉంటడా? నేనైతే ఆలోచిద్దును. ఒక పూట అన్న మౌనంగ ఉందును. నువ్వు వంట చెప్పినవు.

వెనుకట రోమునగరంలో సేనాపతులు యుద్ధానికి పోయేముందు కోళ్ళకు గింజలు వేసి చూసేవారట. తింటే గెలుపు, తినకపోతే ఆగుడు. ఒక సేనాపతి కోళ్ళు తినలేదని కోపానికొచ్చి, "తినకుంటే తాగండి" అని వాటిని సముద్రంలో పారేయించిండట. ఆ యుద్ధంలో అతని ఓడలు చాలమటుకు పోయినయి. కోళ్ళ విషయంలో తొందరపడ్డోని గతి అది. నీకెందుకు చెప్తున్ననో నీకు తెలువాలె.

ఇంకొకటి. నీ ఉత్తరం చెల్లది. అందులో ఎన్ని కోళ్ళో లేదు, ఏ రంగువో లేదు, నువ్వు ఏ హోదాలో చెప్తున్నవో లేదు. నా నౌకరిలో ఇట్లాంటి కాయితాలను నేను వాపసు పంపుతుంటి. అందుకే నాకు రావలసిన జిల్లా కుర్చీ నాకు రాలేదు. పుస్తకాల అట్టలు తప్ప లోపల చూడనోడు, వచ్చిన ప్రతి కాయితం మీద చదువకుండ సంతకం పెట్టేటోడు, ఆ కుర్చీలో కూర్చొని రిటైరైండు. ఇప్పుడు వాని సన్మానసభలకు నాకు పిలుపులు వస్తున్నయి. పోను.

కాబట్టి మళ్ళ ఆలోచించి రాయి. నింపాదిగ ఆలోచించు.

కోళ్ళు ఇంకా ఉన్నయి.

రాజేశం


మందమర్రి
6 సెప్టెంబర్

బావకు,

నువ్వు మారవు. నాకు సదువు తక్కువని, నా కాయితం చెల్లదని రాసినవు. మంచిది. కోడికూర తినెటందుకు గూడ నీకు సర్కారు దస్తావేజు కావాలె గద. మా పక్కింటి అరుణ్ కోర్టుల రాతపని జేస్తడు, వానితోని అడిగి రాస్తున్న. సదువుకో.

"మందమర్రి వాస్తవ్యుడనైన పోశం అను నేను, కీర్తిశేషురాలు దేవవ్వ సొంత తమ్ముణ్ణి. సదరు దేవవ్వకు నేను అరణమిచ్చిన కోళ్ళు, నల్లది ఒకటి, ఎర్రయి రెండు, బూడిద రంగుయి రెండు, మొత్తం ఐదు. వీటిని మా బావ రాజేశం ఎప్పుడంటే అప్పుడు, ఎట్లంటే అట్ల కోసుకొని తినవచ్చును. నాకు గాని, నా వారసులకు గాని ఏ అభ్యంతరం లేదు. గిది ఎవరి బలవంతం లేకుంట రాసిన."

కింద నా దస్కతు. సాక్షి కింద యాదవ్వ ఏలిముద్ర. సిరా డబ్బ కొనుక్కొచ్చి మరీ ఏపిచ్చిన. బస్, ఇగ ఏ లోపం తీస్తవో తియ్యి.

పోశం


హుజూరాబాద్
17 సెప్టెంబర్

పోశం,

నీ దస్తావేజు చూసి రాకేశ్ కడుపు పట్టుకొని నవ్విండు. సృజన దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అతికించింది. యాదవ్వ వేలిముద్ర మాత్రం కళగ ఉన్నది.

ఇప్పుడు ఇక్కడ ఏమైందో రాస్త. అక్టోబర్ రెండు నాడు పెత్రమాస. మీ అక్క పోయినంక వచ్చే మొదటి పెత్రమాస. పొద్దున అయ్యగారికి ఆమె పేరు మీద బియ్యం ఇయ్యాలె, మధ్యాహ్నం విస్తారిలో ఆమెకు ఇష్టమైన కోడికూర పెట్టాలె. కాని ఆ నాడే గాంధీ జయంతి. ఊర్లో కోసే దుకాణాలన్నీ బంద్. పెద్దలకు మాంసం పెట్టే దినమూ, దేశమంతా మాంసం ముట్టని దినమూ ఒక్కటే అయినయి. మా వాడ మొత్తం పరేషాన్. ముందు రోజు తెచ్చి ఫ్రిజ్‌లో పెడుదమంటే, "చల్లబడ్డ కూర అత్తమ్మకు పెడ్తమా?" అని సృజన అడిగింది. న్యాయమే. ఆ తర్వాత అందరి కండ్లూ మా వాకిట్లో పడ్డయి. సందు చివరోళ్ళు కూడ వచ్చి, "సార్, ఒక్కటి మాకిస్తరా" అని అడిగిపోయిండ్రు. ఆరునెలల నుంచి నన్ను పలకరించని మనుషులు!

నిన్న సృజన నా ముందర కూర్చొని నా చెవి మిషను సరిచేసి, నిమ్మలంగ అడిగింది. "మామయ్యా, మీరు వద్దంటే కొయ్యం. వేరే ఏదన్న చేస్త. మీరు వద్దంటున్నరా?"

"నాదేమున్నది, అరణపోళ్ళు చెప్పాలె" అన్న.

పోశం, ఒక సంగతి చెప్త. ఎవరికీ చెప్పకు. దేవవ్వ పొద్దుగూకె యాళ్ళకు ఇత్తడి చెంబులో నూకలు పోసి గలగలలాడించేది. ఆ చప్పుడుకు కోళ్ళు ఎక్కడున్నా ఉరికొచ్చేటివి. ఇప్పుడు నేను చెంబు ఆడిస్తే ఆ చప్పుడు నాకు వినబడదు, కాని అవి వస్తయి. వచ్చి, నన్ను చూసి, నా వెనుక చూస్తయి. ఇంకెవరన్న వస్తరేమో అని. తర్వాత తింటయి. నాకు ఈ ఇంట్లో దినానికి ఒక్కసారి జరిగే మర్యాద అదే. దానికి గుడ్లు పెట్టాల్సిన పని లేదు.

అందుకని నువ్వు ఒక్క ముక్క రాయి. "వద్దు" అని. కాయితం మీద రాసి పంపు, నేను ఫ్రిజ్ మీద దాని పక్కనే అతికిస్త. రాకేశ్‌కు ఫోన్ చెయ్యకు. నేను అడిగినట్టు వాళ్ళకు తెలిస్తే నా మర్యాద పోతది. ముసలోడు కోళ్ళ కోసం ఏడుస్తుండు అంటరు.

పాడిబర్రెను ఎగ్గొట్టినోనికి రెండక్షరాలు బరువు కావనుకుంట. నలభై ఏడేండ్లకు ఒక్కసారన్న మాట నిలబెట్టుకొని చూడు, ఎట్లుంటదో నీకూ తెలుస్తది.

రాజేశం


మందమర్రి
28 సెప్టెంబర్

బావా,

నీ ఉత్తరం సదివినంక రెండు దినాలు అన్నం సయిచలే. కోళ్ళ ముచ్చట సదివి ఏడుపొచ్చింది. కింద బర్రె ముచ్చట సదివి మండింది. ఒక్క కాయితంల రెండూ రాసేటోనివి నువ్వు ఒక్కనివే ఉంటవు. కోపంతోని రాయొద్దని యాదవ్వ పెన్ను దాచిపెట్టింది, గందుకే ఆలిశమైంది.

ఇగ విను. అక్క బతికున్నన్ని దినాలు చెప్పనని ఒట్టు. అక్క పోయింది, నా ఒట్టు గూడ పోయింది.

బర్రెను తెచ్చిన బావా. ఆ ఏడు వానలు పడంగనే, చెప్పిన మాట ప్రకారం, తాడు చేత పట్టుకొని మా ఊరికెల్లి మీ ఊరి దాంక నడిపిచ్చుకొచ్చిన. అది మాటిమాటికి నీళ్ళల్ల పండుడు, నేను తోక పట్టి లేపుడు. వాగు కాడ అక్క బట్టలు పిండుతున్నది. మమ్ములను జూసి ఉరికొచ్చింది. బర్రె మొకం నిమిరింది. దండిగ సంబరపడ్డది. మల్ల ఒక్కసారే నడుం మీద చేతులు పెట్టుకొని అడిగింది, "దీనికి గడ్డి ఎవలు కోస్తరురా?" అని.

"బావ కోస్తడు" అన్న.

"మీ బావనా? పుస్తకం రొమ్ము మీద పెట్టుకొని పంటడు. ఈ బర్రె ఆయన మీదికెల్లి దాటిపోయినా ఎరుకుండది. గడ్డి నేనే కొయ్యాలె, పెండ నేనే ఎత్తాలె, పాలు నేనే పిండాలె. తాగుడు ఒక్కటి ఆయన తాగుతడు. తోలుకపో."

"మరి బావకు ఏం చెప్పాలె?" అంటే,

"ఏం చెప్పకు. నువ్వు తేలేదని తిడుతడు. తిట్టనీ. నిన్ను తిట్టుకుంట కూసుంటే నన్ను తిట్టడు" అన్నది. నవ్వుకుంట నా చెయ్యి నెత్తి మీద పెట్టిచ్చుకున్నది.

వచ్చిన తొవ్వనే మల్ల నడిచిన. మా నాయిన నన్ను, బర్రెను జూసి తాడు గుంజుకొని తనే కొట్టంల కట్టేసిండు.

కోళ్ళను ఎందుకు తీసుకున్నదో ఇప్పుడు ఎరుకైందా? అవే ఏరుకొని తింటయి.

ఇగ నువ్వు అడిగింది. వద్దు. ఆ ఐదు కోళ్ళను కొయ్యద్దు. ఎన్కటి కాయితాలు రెండూ రద్దు. అరణమిచ్చినోని మాట గిదే. ఫోన్ చెయ్యద్దన్నవు, చేస్తలేను. కాయితమే అడిగినవు, కాయితమే పంపుతున్న.

గని బావా, నాకు కోసుడు ఇష్టం లేదు అని మొదటి ఉత్తరంలనే ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుండె?

పోశం


హుజూరాబాద్
6 అక్టోబర్

పోశానికి,

నీ "వద్దు" మూడో తారీఖు వచ్చింది. రెండో తారీఖు సెలవు గదా, గాంధీ కోసం పోస్టాఫీసు కూడ మూసే ఉన్నది.

పెత్రమాస పొద్దున సృజన ఫ్రిజ్ మీది నీ దస్తావేజును చూపించి మళ్ళొకసారి అడిగింది, "ఏమంటరు మామయ్యా?" అని. "కాయితం ఉన్నది గదా" అన్న. ఇంకొక్క దినం ఆగితే నీ ఉత్తరం వస్తదని నాకు నమ్మకం. పెత్రమాస మాత్రం ఆగలేదు. రాకేశే కోసిండు. వానికి చాతకాదు. నాలుగు కోళ్ళు పోయినయి. నల్లది వాని చేతిలో నుంచి జారి, గోడెక్కి, దర్జీ ఇనాయతుల్లా డాబా మీద పడ్డది.

సృజన కోళ్ళను శుభ్రం చేస్తుండంగ ఒక్కసారి చేతులు ఆపింది. లేచి నన్ను పిలిచింది. ఒక ఎర్రదాని కడుపులో గుడ్లున్నయి. పసుపుపచ్చని గోలీలు, పెద్దదాని వెనుక చిన్నది, దాని వెనుక ఇంకా చిన్నది, గొలుసు లెక్క. "ఇవి మళ్ళ పెట్టేటివి మామయ్యా" అన్నది. తడి చేతులతోనే కండ్లు తుడుచుకున్నది. కోడలు మంచిదని నీకు ముందే రాసిన.

విస్తారిలో దేవవ్వకు పెట్టినం. నేను తిన్ననా అని అడుగుతవు. తిన్న. నమిలిన. బొప్పాయి ముక్క వెయ్యలేదు. సాయంత్రం వాడ ఆడవాళ్ళు మొదటి బతుకమ్మను ఎత్తుకొని మా ముందర నుంచే పోయిండ్రు. బతుకమ్మ నుంచి రాలిన గునుగు పువ్వు కింద మా కోళ్ళ ఈకలు.

నాలుగో తారీఖు నాడు ఇనాయతుల్లా భార్య అజ్రా నల్లదాన్ని చంకలో పెట్టుకొని తెచ్చి ఇచ్చింది. నా చెవిలో గట్టిగ అరిచి చెప్పింది. "ఈకలు రాల్చేటప్పుడు పెట్టయి భాయ్‌సాబ్! కొత్త ఈకలొచ్చి, చలి పడంగనే మళ్ళ పెడ్తయి. ప్రతి ఏడు గింతే. భాభీకి ఎరుకనే గదా!"

భాభీకి ఎరుకనే. నాకు చెప్పలేదు. ఆరేండ్లు గుడ్లు పెట్టని నెలల్లో నా పళ్ళెంలోకి గుడ్డు ఎక్కడి నుంచి వచ్చేదో నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఇది ఆమె దాచిన రెండో సంగతి. మొదటిది నీ ఉత్తరంలో చదివిన.

చదివినంక కొట్టంలోకి పోయి గుంజను చూసిన. ఇన్నేండ్లు దాన్ని చూసినప్పుడల్లా నిన్ను తిట్టుకున్న. చెయ్యి అలవాటుగ పైకి లేచింది, నోరు అలవాటుగ తెరుచుకున్నది, తిట్టుదమంటే మనిషి లేడు. నలభై ఏడేండ్ల కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలె చెప్పు? నువ్వు పొట్టోనివి, పొగరుబోతువు, నీ వంట సలహాలు దండుగ. ఇంతకు మించి నీ మీద ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. నన్ను దివాలా తీయించినవు.

నిన్న రాకేశ్ అన్నడు, "ఒక్క కోడిని ఏం చేసుకుంటం బాపూ, దసరాకు..." అని. "దాన్ని కొయ్యొద్దు" అన్న. "మామ కాయితం పంపిండా?" అని అడిగింది సృజన. నువ్వు పంపినవు, కాని నేను దాన్ని చూపించలేదు. "నేను చెప్తున్న" అన్న. "మంచిది మామయ్యా" అన్నది, అంతే. అంత సులువు అని నాకు ఎవరూ చెప్పలేదు.

మోకాళ్ళు సహకరిస్తే దసరా పోయినంక రా. యాదవ్వను తీసుకొని రా. కోళ్ళు మాత్రం తేకు.

ఇట్లు,
బర్రె వాగు దాకా వచ్చిందని తెలిసిన
రాజేశం

ఇంకొక ముక్క. నిన్న రాత్రి పండుకొని మొదటి నుంచి లెక్క తీసిన. బర్రె మా కొట్టానికి వచ్చి ఉంటే నేను నిన్ను తిట్టకపోదును. తిట్టకపోతే నీకు కోపం వచ్చేది కాదు. కోపం రాకుంటే నువ్వు దస్తావేజు రాయకపోదువు. దస్తావేజు లేకుంటే నాలుగు కోళ్ళూ ఈ చలికి గుడ్లు పెట్టుకుంట నా వెనుక తిరుగుతుండేటివి. కాబట్టి ఈ హత్యలో తప్పు నాది కాదు. నీది కాదు, కోడలిది కాదు, పోస్టాఫీసుది కాదు. ఆమె ఇక్కడ ఉంటే మొకం మీదనే అడుగుదును, నవ్వుకుంట ఏదో ఒకటి చెప్పేది. పొద్దుగూకింది. నల్లది చెంబు దగ్గర నిలబడి నా వెనుకకే చూస్తున్నది. నేను కూడ అటే తిరిగి చెప్తున్న, వినబడితే వినని: తప్పంతా దేవవ్వది.